వంక పొంగిన రాత్రి సర్పంచ్ ఎవరినడగాలి?

ఇప్పుడే మండలాఫీసు నుంచి వస్తున్నాను. కోపం ఇంకా దిగలేదు.

పోయిన వారం వానకు మా ఊరి వంక పొంగింది. కల్వర్టు తూముల్లో కంపచెట్లు ఇరుక్కుని, నీళ్లన్నీ కాలనీ మీదికి తిరిగాయి. రాత్రి రెండు గంటలు. పిల్లల్ని చంకనేసుకుని జనం మిద్దెలెక్కారు. మా పెద్దమ్మే సర్పంచ్. ఎవరికి ఫోన్ చేసినా ఎత్తలేదు. పక్కూరి జేసీబీని పిలిపించి కంప తీయించింది. తెల్లారేసరికి నీళ్లు దిగినాయి. ఈ రోజు ఆ బిల్లు పెడితే ఆఫీసరు అడిగిన మొదటి మాట: "ఎవరినడిగి పిలిపించినావమ్మా? తీర్మానమేదీ? కొటేషన్లేవీ?"

కాలనీ వాళ్లు ఎట్లున్నారని ఒక్క మాట అడగలేదు.

2005 విపత్తు నిర్వహణ చట్టం తెరిచి చూడండి. శిథిలాలు తీయించడం, రాకపోకలు ఆపడం లాంటి అధికారాలు 34వ సెక్షన్ కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఉన్నాయి. దానికి ఛైర్మన్ కలెక్టరు. పంచాయతీలకు వచ్చింది 41వ సెక్షన్: సామగ్రి సిద్ధంగా పెట్టుకోండి, సహాయ పనులు చేయండి అని. పని మాది, పవర్ వాళ్లది. విపత్తు ముప్పు ఉన్నప్పుడు, 50వ సెక్షన్ కింద టెండరు లేకుండా అత్యవసరంగా కొనుక్కోమని ఆ జిల్లా సంస్థ ఏ శాఖకైనా, సంస్థకైనా అనుమతి ఇవ్వొచ్చు. వానాకాలానికి ముందే, ఇంత మొత్తం దాకా అని, ప్రతి సర్పంచ్‌కూ ఆ అనుమతి ఇచ్చేయడానికి అడ్డమేముంది?

మా కడప వైపు చెయ్యేరు నది పక్కనోళ్లను అడగండి. 2021 నవంబర్ 19, కార్తీక పౌర్ణమి. పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, వెనకే అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి మీద నది పడింది. అలాంటి పొద్దున ఊళ్లో ఉండేది ఊరి మనుషులే. కడప కలెక్టరాఫీసు నుంచి సంతకం వచ్చే దాకా నీళ్లు ఆగవు.

ఇంకోటి. కేంద్రం పంచాయతీలకిచ్చే ఆర్థిక సంఘం నిధులను రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బకాయిల కింద మళ్లించిందని సర్పంచులు రోడ్డెక్కిన రోజులు నేను మర్చిపోలేదు. మా పంచాయతీ డబ్బు పోయినప్పుడు మా తీర్మానం ఎవరడిగారు? ఆ డబ్బుంటే ఆ తూములు ఎండాకాలంలోనే బాగు చేయించేది పెద్దమ్మ.

జేసీబీ అతను ఈ రోజు మూడుసార్లు ఫోన్ చేశాడు. పాల డబ్బులు పడినాక ఇస్తానంది పెద్దమ్మ. ఆఫీసుకు మాత్రం సోమవారంలోగా వివరణ రాసివ్వాలట. నేనే రాస్తాను. రాత్రి రెండు గంటలు, నడుము లోతు నీళ్లు, మిద్దె మీద బాలింత. అన్నీ రాస్తాను.