బ్రాంచ్ ప్రిడిక్టర్ గారికి బహిరంగ లేఖ

మాదాపూర్, హైదరాబాద్.

మహారాజశ్రీ బ్రాంచ్ ప్రిడిక్టర్ గారి దివ్యసముఖానికి, చిప్ డిజైన్లు తనిఖీ చేసి పొట్టపోసుకునే ఒక ఇంజినీరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడానికి నోరు రావడం లేదు. మా కుశలం 2018 జనవరిలోనే పోయింది.

ప్రాసెసర్‌లో కూర్చుని ప్రోగ్రాం ఏ దారి పడుతుందో ముందే ఊహించడం మీ ఉద్యోగం. షరతు నిజమో కాదో తేలేదాకా ఆగడం మీ వంశంలో లేదు. ఒక దారి ఊహించి ప్రాసెసర్‌ను అటు పరుగెత్తిస్తారు. ఊహ ఫలిస్తే వేగం మీ ఖాతాలోకి. తప్పితే, అబ్బే ఏమీ జరగలేదంటూ రిజిస్టర్లను యథాస్థితికి తెస్తారు. ఈమధ్య వాడిన డేటాను చేతికందేలా ఉంచే క్యాష్ మెమరీని మాత్రం తుడవరు. మా వీధి టిఫిన్ సెంటర్ కుర్రాడూ అంతే: అడగకముందే పెసరట్టు పెడతాడు, వద్దంటే ప్లేటు తీసుకుపోతాడు, బల్ల మీద అల్లం చట్నీ మరక మిగులుతుంది.

ఆ మరకను చూసి రహస్యాలు దోచే దాడే 2018 జనవరిలో బయటపడ్డ స్పెక్టర్. దొంగ ముందు కాసేపు అర్రే (వరుస గడుల పట్టిక) హద్దుల్లోని ఇండెక్సులే, అంటే గడి నంబర్లే, ఇస్తాడు. పెద్దమనిషేనని మీరు నమ్మేస్తారు. అప్పుడు హద్దు దాటిన ఇండెక్స్ ఒకటి పంపుతాడు. తనిఖీ ముగిసేలోపే మీరు రహస్య బైటును చదివించి, దాని విలువను బట్టి ఇంకో అర్రేలో ఒక గడి తెరిపిస్తారు. తప్పు తెలిశాక మర్యాదగా వెనక్కి తగ్గుతారు. దొంగ తీరిగ్గా 256 గడులూ తట్టి చూస్తాడు. క్యాష్‌లో ఉన్నది త్వరగా అందుతుంది కాబట్టి, ఏది చప్పున పలికితే అదే రహస్యం! (అప్పుడే బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే మరో దాడి పాపం మీది కాదులెండి. అనుమతి తేలకముందే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డేటాను చదివిచ్చిన మీ ఇరుగుపొరుగు వారిది.)

మీ పరువు కాపాడటానికి, దొంగ ఆ వేగాన్ని కొలవలేకుండా, బ్రౌజర్లు ఏకంగా తమ గడియారాలనే మసకబార్చుకున్నాయి. మీ కంట పడకుండా రెట్‌పోలిన్ అనే సాఫ్ట్‌వేర్ దొడ్డిదారి వేస్తే, 2022లో రెట్‌బ్లీడ్ అనే దాడి వచ్చి దాన్నీ వెక్కిరించింది. మరుసటి ఏడాది ఇన్సెప్షన్ అనే ఇంకో దాడి.

మందు తెలియక కాదు. ఊహతో తెచ్చిన డేటాను, ఊహ నిజమని తేలేదాకా క్యాష్‌కు తాకనివ్వకుండా విడి బఫర్‌లో ఉంచమని 2018లోనే ఇన్విజిస్పెక్ అనే పద్ధతి ప్రతిపాదించిన పరిశోధకులు చెప్పారు. దానికి కొంత వేగం వదులుకోవాలి. ఆ మాట ఎత్తితే సమీక్షా సమావేశంలో అందరికీ ఒక్కసారిగా ఫోన్లు వస్తాయి. భద్రత వచ్చే తరం చిప్‌లో చూద్దామంటారు. వచ్చే తరానిదీ అదే మాట.

మీ జవాబు ఈపాటికే రాసేసి ఉంటారని తెలుసు. అయినా ఈ ఉత్తరం పూర్తిగా చదివాకే పంపండి.

ఇట్లు,
మీ తనిఖీదారు