సవరణ: 3060 కార్డుకి 450 వాట్ల సప్లై

ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకి 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) చాలని మొన్నటి పోస్టులో ఉంది. అది అన్ని సప్లైలకూ వర్తించదు. డబ్బా మీది అంకె కాదు, స్టిక్కర్‌లో 12 వోల్ట్‌ల గడి చూడండి. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఉండే మిత్రుడు పంపిన ఫొటోలో అక్కడ 18 ఆంపియర్లే ఉంది. అంటే 12 × 18 = 216 వాట్లు! కార్డుకే 170, ప్రాసెసర్‌కి ఇంకో 65. ఇక గేమ్ తెరవగానే కంప్యూటర్ ఠక్కున ఆరిపోక ఏం చేస్తుంది? కార్డు పోయిందని టెన్షన్ పడి అమ్మేయకండి. చిప్ తయారీ కంపెనీ ఎన్‌విడియా ఈ కార్డుకి చెప్పేది 550 వాట్లు, అదీ పేరున్న కంపెనీది అయితేనే మేలు. మన ఎండాకాలంలో చౌక సప్లైలు ఇంకా నీరసపడతాయి. మోలెక్స్ (సప్లై నుంచి వచ్చే పాత తరహా 4 పిన్ల ప్లగ్గు) నుంచి కార్డు 8 పిన్ ప్లగ్గుకి మార్చే కన్వర్టర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, వేడికి ప్లగ్గు కరిగే ప్రమాదముంది.