ఓడిపోవడం కూడా చేతకాని జట్టు

వరుసగా గెలిచేవాళ్లకు ఛాంపియన్‌షిప్ ఇవ్వడం ఎంత ప్రమాదమో 2017లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పెద్దలు సకాలంలో గ్రహించారు. ఆ దూరదృష్టికి తగిన సత్కారం ఇంతవరకూ జరగలేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

ఆ ఏడాది ఓర్లాండోలోని యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడా, అంటే యూసీఎఫ్, ఆడిన ప్రతి ఆటా గెలుస్తూ పోయింది. 2015లో ఇదే జట్టు పన్నెండుకు పన్నెండూ ఓడింది. నిన్నటిదాకా అరుగు మీద కూర్చున్నవాడు ఉన్నట్టుండి నట్టింట్లోకొచ్చి విస్తరి వేయమంటే ఎవరు వేస్తారు? పదమూడు మంది సభ్యుల ఎంపిక సంఘం బాగా ఆలోచించి దానికి పన్నెండో స్థానం కేటాయించింది. టైటిల్ కోసం తలపడే నాలుగు జట్లలో అలబామాకు చోటిచ్చింది. అలబామా అప్పటికే ఆబర్న్ చేతిలో 26-14 తేడాతో ఓడి, తన కాన్ఫరెన్స్, అంటే తను ఆడే లీగ్, ఫైనల్‌కైనా చేరలేదు. అయితేనేం, ఓడింది ఎవరి చేతిలో? సాటి జమీందారు చేతిలో. వియ్యాలవారితో తిన్న తన్నులు కూడా హోదా కిందే లెక్క.

విలువిద్యలో అర్జునుడికి దీటుగా నిలిచిన కర్ణుణ్ణి కృపాచార్యుడు ఒకే ఒక్క ప్రశ్నతో తలవంచుకునేలా చేశాడు: నీ వంశమేది? ఎంపిక సంఘం పరిభాషలో దాన్ని 'షెడ్యూలు బలం' అంటారు, అంటే తలపడిన ప్రత్యర్థులు ఎంత గట్టివాళ్లన్న లెక్క.

ఇంతలో 2018 జనవరి 1న అట్లాంటాలో అపశ్రుతి. యూసీఎఫ్ 34-27 తేడాతో ఆబర్న్‌ను ఓడించింది. అలబామానూ జార్జియానూ ఆ సీజన్‌లోనే మట్టికరిపించిన ఆబర్న్‌ను! నాలుగేళ్ల వయసులో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న షకీమ్ గ్రిఫిన్ ఆ రోజు డిఫెన్స్‌లో ఉత్తమ ఆటగాడు. తీర్పు ముందే రాసేసిన సంఘానికి మాత్రం రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. రెండింటితోనూ కళ్లు మూసుకుంది. వారం తిరిగాక అదే స్టేడియంలో అలబామా, జార్జియా ఫైనల్ ఆడాయి. ఆబర్న్ చేతిలో ఓడిన జట్ల మధ్య హోరాహోరీ పోరు. అదనపు సమయంలో 26-23తో అలబామా జగజ్జేత.

యూసీఎఫ్ ఊరుకుందా? తామే ఛాంపియన్లమని చాటింపు వేసుకుంది. కోచ్‌లకు బోనస్ చెల్లించింది. ఫైనల్‌కు ముందురోజే డిస్నీ వరల్డ్‌లో ఊరేగింది. కర్ణుడికి అంగరాజ్యం దొరికినట్టు వీళ్లకు గవర్నర్ రిక్ స్కాట్ దొరికాడు. ఛాంపియన్లేనంటూ ప్రకటన మీద సంతకం చేశాడు. తన పెళ్లికి తానే పురోహితుడైతే లోకం నవ్వదా? నవ్వింది కూడా. అన్నట్టు, 1941లో అలబామా రెండు ఆటలు ఓడి, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ర్యాంకుల జాబితాలో ఇరవయ్యో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది జాతీయ టైటిల్‌ను ఇప్పటికీ తన ఖాతాలోనే రాసుకుంటోంది. కానీ అది సంప్రదాయం. ఇది ఆకతాయితనం. రెంటికీ తేడా తెలియాలంటే కాస్త పుట్టుక ఉండాలి.

అయినా యూసీఎఫ్‌ను మరీ నిందించలేం, దిద్దుకుంది. వరుసగా 25 విజయాల తర్వాత, 2019 జనవరి 1న, లూసియానా స్టేట్ చేతిలో 40-32తో ఓడింది. పేరున్న ఇంట, పద్ధతిగా ఓడింది. ఇక ధైర్యంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.