మొక్క ఒకచోట, మట్టి మరోచోట, మృగం ఇంకోచోట

2015లో హరితహారం మొదలయ్యాక తెలంగాణలో రోడ్ల డివైడర్ల మీదా, ఊళ్లలోని వనాల్లోనూ కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును విరివిగా నాటారు. త్వరగా పెరుగుతుంది, ఎండల్లోనూ పచ్చగా నిలబడుతుంది, పశువులు పెద్దగా ముట్టవు. 2022లో అదే ప్రభుత్వం ఇక నాటొద్దంది. పుప్పొడితో అలర్జీలు వస్తాయని, వేళ్లు పైపుల్ని పాడుచేస్తాయని ఆ చెట్టు మీద వచ్చిన ఆరోపణల్లో నిజమెంత, భయమెంత అన్న వాదన వేరు. మా ప్రశ్న ఒక్కటే. అది నర్సరీల్లోకి రాకముందే దాని గురించి, నేల గురించి, దాని మీద వాలాల్సిన పక్షి గురించి కలిపి చెప్పగల శాఖ మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కడుంది?

వృక్షశాస్త్రం డిగ్రీ కాలేజీల్లో ఉంది. నేల సంరక్షణ వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉంది. వన్యప్రాణి నిర్వహణ లోతుగా చదవాలంటే డెహ్రాడూన్ లాంటి దూర ప్రాంతాల దారి పట్టాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ కలిసిన బీజెడ్‌సీ పోయి ఒకే మేజర్ పద్ధతి రావడంతో, ఇన్నాళ్లూ కలిసి ఉన్న బోటనీ, జువాలజీ కూడా వేరు కాపురం పెట్టాయి.

ఈ విడిపోవడం ఎంత ఖరీదైనదో నంద్యాల జిల్లా రోళ్లపాడును చూస్తే తెలుస్తుంది. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980లలోనే అక్కడ మకాం వేసి ఆ పక్షిని అధ్యయనం చేశారు. పచ్చికబయలును కాపాడారు. గడ్డి పెరిగింది, కృష్ణజింకలూ పెరిగాయి. పిట్ట మాత్రం తగ్గుతూ పోయి చివరికి కనిపించడమే మానేసింది. అది అభయారణ్యం హద్దుల్లోనే బతికే పక్షి కాదు మరి. చుట్టుపక్కల మెట్ట చేలల్లో పురుగులు, గింజలు ఏరుకుంటూ తిరిగేది. అలగనూరు జలాశయం, కాలువ నీళ్లు వచ్చాక మెట్ట పంటలు తగ్గి, నీటి పంటలు పెరిగాయి. పిట్టకు తిరిగే చోటు లేకపోయింది. జింకలు పంట మేస్తున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు. ఇప్పుడు దేశమంతా కలిపినా స్వేచ్ఛగా తిరిగే బట్టమేక పిట్టలు సుమారు 150 మాత్రమే. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

సీమ రైతు నీళ్లు వదులుకోవాలని ఎవరంటారు? మేమూ అనం. కాలువ తవ్వేముందు ఏ నేలకు తడి అందుతుంది, అక్కడ పంట ఎలా మారుతుంది, దానితో ఏ ప్రాణికి చోటు పోతుంది అని లెక్కగట్టి ఉంటే, కొన్ని చేలల్లోనైనా మెట్ట పంట నిలుపుకున్న రైతుకు పరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగేదేమో. ఆ లెక్క కట్టాలంటే నేల, పంట, పిట్ట మూడూ తెలిసిన మనిషి కావాలి. అలాంటి మనిషిని తయారుచేసే చదువు అప్పుడు ఇక్కడ లేదు.

ఆ వైపు పడిన మంచి అడుగు సిద్దిపేట జిల్లా ములుగులోని (సమ్మక్క సారలమ్మల ములుగు కాదు) అటవీ కళాశాల, పరిశోధన సంస్థ. 2016లో మొదలైన ఈ కళాశాలలో నాలుగేళ్ల ఫారెస్ట్రీ డిగ్రీ చదివేవారికి మొక్కల పెంపకం, నేల, వన్యప్రాణులు అన్నీ పాఠాలే. దాన్ని విశ్వవిద్యాలయంగా మార్చే బిల్లును 2022లో శాసనసభ ఆమోదిస్తే, అది రాజ్‌భవన్‌లో ఆగిపోయి పెండింగ్ బిల్లుల వివాదంలో భాగంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బోర్డు మీద ఏ పేరుంటే ఏం గానీ, విద్యార్థికి పొలం, అడవి, ఉద్యోగం కావాలి. అనంతపురం జిల్లా కణేకల్లు వైపు హగరి నది ఇసుక పొలాల్ని ఎలా కమ్మేస్తోందో, కుప్పం దగ్గర ఏనుగు ఏ చేలోకి ఎందుకు దిగుతోందో ఒక వానకాలమంతా అక్కడే ఉండి చూసిరావడం డిగ్రీలో భాగం కావాలి. ఆంధ్రప్రదేశ్‌కు రాజమహేంద్రవరంలో అటవీ అకాడమీ ఉన్నా, అది ఉద్యోగం వచ్చినవారికి శిక్షణ ఇచ్చే చోటు.

ఇక ఉద్యోగాల సంగతి. రేంజ్ ఆఫీసర్ పరీక్షకు ఇంజినీరింగ్ పట్టా ఉన్నా అర్హతే. అడవి చదువు చదివినవారికి కొంత వాటా ఇస్తే చాలదు, నోటిఫికేషన్ పడితేగా ఆ వాటాకు విలువ! ఏళ్ల తరబడి ఎదురుచూడలేక వీళ్లూ గ్రూప్స్ కోచింగ్‌లో చేరిపోతే ఆ నాలుగేళ్ల చదువు ఎవరికోసం? అటవీ శాఖ ఖాళీలకు ఏటా ఒక తేదీ పెట్టి నోటిఫికేషన్ ఇవ్వాలి. ఉపాధి హామీ కందకాలు ఎక్కడ తవ్వాలో, ప్రభుత్వ నర్సరీల్లో ఏ మొక్క పెంచాలో తేల్చే మండల స్థాయి పోస్టులనూ వీళ్లకు తెరవాలి. దీనికి గవర్నర్ సంతకంతో పనిలేదు, రెండు రాష్ట్రాల మంత్రివర్గాలు తలచుకుంటే చాలు.