పెట్టెల్లో పదకొండు గిన్నెలు

టోక్యోలో మనవాళ్ళు బాగా కనిపించే నిషికసాయిలో తమ్ముడి అపార్ట్‌మెంట్. ఆదివారం సాయంత్రం అక్క వచ్చింది. పరుపులు పెట్టుకోవాల్సిన గోడ అలమరలో పరుపులు లేవు, చెక్క పెట్టెలు పదకొండు ఉన్నాయి. ఒక్కో పెట్టెలో చేత్తో చేసిన టీ గిన్నె ఒకటి. ఈ ఇద్దరూ నా కల్పనే. గిన్నెలు దాచుకోవాలా, వాడుకోవాలా అన్న వాళ్ళ వాదనలో నేను అక్క పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను కాబట్టి, తక్కెడ ఎటైనా మొగ్గితే నన్నే అనండి.

అక్క: ఏరా, పదకొండు గిన్నెలు పెట్టుకుని నాకు టీ పేపర్ కప్పులో ఇస్తావా?

తమ్ముడు: అవి తాగడానికి కాదక్కా.

అక్క: మరి?

తమ్ముడు: ఉంచుకోవడానికి.

అక్క: ఆ పైన ఉన్నది తియ్యి చూద్దాం. ఇదేంట్రా, పసుపు గుడ్డలో చుట్టి ముడుపు కట్టావు! మొక్కు ఎప్పుడు తీరుస్తావు?

తమ్ముడు: వేళాకోళం వద్దు. దాన్ని ఉకొన్ గుడ్డ అంటారు. ఉకొన్ అంటే పసుపే. పురుగు పట్టకుండా పసుపుతో అద్దేవాళ్ళు. పెట్టె కిరి చెక్కది, ఎంత తేలికో చూడు. మూత మీద కుమ్మరి తన చేత్తో రాసి, ముద్ర వేశాడు. ఈ పెట్టె పోతే గిన్నె విలువ పడిపోతుంది. చేసినవాడే పెట్టె ఇచ్చాడంటే, దాచుకోమనే కదా?

అక్క: చెప్పులు కొన్నా పెట్టె ఇస్తారు.

తమ్ముడు: చెప్పుల పెట్టె మీద కుట్టినవాడు సంతకం పెట్టడు.

(ఇది తగిలింది. అక్క ఓ గుక్క టీ తాగి మాట మార్చింది.)

అక్క: సరే, ఇది ఎక్కడిది?

తమ్ముడు: హగి. యమగుచిలో కొన్నాను, నాలుగేళ్ళయింది.

అక్క: హగి అయితే నీది ఇంకా పెద్ద తప్పు. హగి మట్టిని రాయిలా గట్టిపడేదాకా కాల్చరు, లోపల గుల్లగానే ఉంటుంది. బట్టీలోంచి వచ్చి చల్లారేటప్పుడు పైన పూత ఒక లెక్కన, కింద మట్టి ఇంకో లెక్కన ముడుచుకుంటాయి. అందుకే పూత నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు. తాగినప్పుడల్లా ఆ పగుళ్ళలోంచి టీ మట్టిలోకి దిగుతుంది. ఏళ్ళ తరబడి వాడితే ఈ లేత గులాబీ రంగు మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతుంది, అక్కడక్కడా మచ్చలొస్తాయి. ఒక గిన్నె మారినట్టు ఇంకో గిన్నె మారదు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరే ‘హగి నో నానబాకె’, హగి ఏడు వేషాలు. నీ గిన్నె ఏమో ముఖానికి రంగేసుకుని నాలుగేళ్ళుగా తెర వెనకే కూర్చుంది. జపాన్ టీ వేడుక చేసేవాళ్ళు గిన్నెల వరస చెప్పేటప్పుడు మొదట రాకు, రెండు హగి, మూడు కరత్సు అంటారు. ఆ వరస కట్టింది గిన్నెలో టీ కలుపుకుని, చేత్తో పట్టుకుని తాగినవాళ్ళు. అలమర తలుపు వేసి తాళం పెట్టుకున్నవాళ్ళు కాదు.

తమ్ముడు: నా భయం కూడా ఆ గుల్ల మట్టి గురించే. టీ దిగినట్టే తడీ దిగుతుంది. పైకి పొడిగా కనిపిస్తుంది గానీ అడుగున చెమ్మ ఉంటుంది. అది తెలియక పెట్టెలో పెట్టేస్తే జూన్ ముసురులో బూజు పడుతుంది. వాడిన ప్రతిసారీ రోజుల తరబడి ఆరబెట్టడానికి నేను ఇంట్లో ఉంటానా? ఇంకో మాట. నువ్వు తాగేది పాలు పోసిన అల్లం టీ. ఆ పగుళ్ళలోకి పాలు దిగితే ఎనిమిదో వేషం కూడా వస్తుంది. కంపు వేషం.

అక్క: పాలు పోయమని నేనన్నానా? మాచా కలుపు, సెంచా పొయ్యి, రెండూ పాలు అక్కర్లేని గ్రీన్ టీలేగా. అయినా ఈ జాగ్రత్తలు మనకి కొత్తవేం కాదు. కొత్త కుండ కొంటే అమ్మ ఏం చేసేది? నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి పారబోసేది. ఇక్కడా అంతే. బియ్యం కడిగిన నీళ్ళలో గిన్నె పెట్టి సన్న సెగ మీద కాచి, అందులోనే చల్లారనిస్తారు. పిండి సందుల్లో కూర్చుంటుంది. ‘మెదొమె’ అంటారు, సందులు పూడ్చడం. కొందరు కుమ్మరులు వద్దంటారు, కాబట్టి కొన్నచోట అడగాలి. ఇక రోజూ అయితే, వాడేముందు గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నాననిస్తే చాలు. మట్టి ముందే నీళ్ళు తాగేస్తుంది కాబట్టి మరక ఒక్కసారిగా పట్టదు. అయ్యాక వేడినీళ్ళతో కడిగి, గాలికి ఆరబెట్టాలి. సబ్బు మాత్రం తగలనివ్వకూడదు.

తమ్ముడు: సబ్బు మాట నువ్వా చెప్పేది! పోయిన దీపావళికి నా టొకోనామె క్యూసుని, ఆ టీ కూజాని, డిష్‌వాష్ లిక్విడ్ పోసి తోమింది ఎవరు?

అక్క: అది జిడ్డుగా ఉంది.

తమ్ముడు: అది జిడ్డు కాదు! పూత లేని ఎర్రమట్టి, వాడగా వాడగా వచ్చే మెరుపు అది. మూతనీ కూజానీ ఒకదానికొకటి రాపాడించి కుదురుస్తారు, లోపలి జల్లెడ కూడా మట్టితోనే చేస్తారు. దానికి నువ్వు స్క్రబ్బర్ పెట్టావు. వారం రోజులు నా సెంచా నిమ్మకాయ సబ్బు వాసన కొట్టింది.

అక్క: నేను తోమాను, అంతే. నువ్వు ఏకంగా అమ్మ ఆవకాయ జాడీ పగలగొట్టావు.

తమ్ముడు: నాకప్పుడు ఎనిమిదేళ్ళు! దాన్ని అటక మీంచి దింపమన్నది నువ్వే.

అక్క: దింపమన్నాను, వదిలెయ్యమనలేదు.

తమ్ముడు: అటక మీదే ఉంటే ఆ జాడీ ఇవాళ్టికీ ఉండేది. నేను చెప్పేదీ అదే.

అక్క: అటక మీద ఉంటే ఆవకాయ ఎక్కడ పెట్టేవాళ్ళంరా?

తమ్ముడు: ప్లాస్టిక్ డబ్బాలో.

అక్క: ఛీ.

(ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక తమ్ముడు ఇంకో పెట్టె తీశాడు. దాని మూత మీద రాత లేదు.)

తమ్ముడు: దీన్ని చూడు. ఒబొరి సోమ కప్పు, పాత సామాన్ల కొట్లో దొరికింది. ఒబొరి ఫుకుషిమాలో నమియె అనే పట్టణంలో ఉంది. 300 ఏళ్ళకి పైగా అక్కడ కప్పులు చేశారు. 2011 మార్చి 11న భూకంపం వచ్చింది, ఆ వెనకే అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం. కుమ్మరులు బట్టీలు వదిలేసి వెళ్ళిపోయారు. ఈ నీలి పచ్చ పూతకి వాడే రాయి కూడా ఆ చుట్టుపక్కల దొరికేదే. రేడియేషన్ వల్ల తవ్వడానికి లేకపోయింది. తర్వాత వేరే ఊళ్ళలో, వేరే ముడిసరుకుతో ఆ రంగు మళ్ళీ రప్పించుకున్నారు, కాదనను. కానీ ఆ రాయితో, ఆ బట్టీలో కాలిన కప్పు మళ్ళీ పుడుతుందన్న నమ్మకం నాకు లేదు. ఉన్నవే ఉన్నవి. రోజూ ఇందులో టీ తాగి, ఒక రోజు నిద్రమత్తులో సింకులో పడేశాననుకో, ఎవరికి సమాధానం చెప్పాలి? ఆ భూకంపానికే మషికో అనే ఊళ్ళో హమదా షోజి అనే కుమ్మరి పేరిట ఉన్న మ్యూజియంలో కూడా గిన్నెలు పగిలాయి. నేనుండేది ఏడో అంతస్తు. అలమరలో పెట్టెల్లో ఉన్నాయి కాబట్టి చిన్న కుదుపు వచ్చిన ప్రతిసారీ నాకు టెన్షన్ లేదు.

అక్క: ...సరే. దాన్ని దాచుకో. నిజంగానే అంటున్నాను, దాన్ని ముట్టుకోను. మిగతా పదీ?

తమ్ముడు: మిగతావి మాత్రం ఊరికే వచ్చాయా?

అక్క: ఖరీదు మాట పక్కన పెట్టు. పగిలితే బంగారంతో అతికించేవాళ్ళున్నారు కదా.

తమ్ముడు: నాకు తెలుసు, నువ్వు కింత్సుగి దగ్గరికి వస్తావని. అతికించేది బంగారం కాదక్కా, ఉరుషి. చెట్టు కారే రసం. మన జీడిమామిడి, చాకళ్ళు గుర్తులు పెట్టే నల్లజీడి, అదే కుటుంబం చెట్టు. పచ్చిగా ఉన్నప్పుడు తగిలితే చాలామందికి ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది. మామూలు రంగులా పొడిగాలికి ఆరదు, చెమ్మ ఉంటేనే గట్టిపడుతుంది. అందుకే తడి బట్ట వేసిన పెట్టెలో పెట్టి, ఒక పూత గట్టిపడ్డాక రుద్ది, ఇంకో పూత వేసి, అలా వారాలు, నెలలు. బంగారం పొడి ఆఖర్న చల్లేది. బజార్లో ఒక్క గంటలో అయిపోతుందని అమ్మే కిట్లు చాలావరకు జిగురూ, బంగారు రంగూ. అందులో వేడి టీ నేనైతే తాగను. పగిలితే ఇంకా అందం అనేవాళ్ళు తమ గిన్నె పగిలినప్పుడు ఏడవలేదంటే నమ్మను.

అక్క: ఇది మాత్రం బాగా చెప్పావు. నేనిక ఆ మాట ఎత్తను. కానీ ఒకటి విను. క్యోటోలో రాకు గిన్నె ఎలా పుట్టింది? 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ అనే టీ గురువు చొజిరో అనే కుమ్మరితో కొత్తగా చేయించుకున్నాడు. అప్పట్లో ఆ గిన్నెల్ని ‘ఇమయాకి’ అన్నారట, ఇప్పుడు కాల్చినవి అని. అంటే తాజా సరుకు. చైనా నుంచి వచ్చిన ఖరీదైన గిన్నెలుండగా, నిన్న మొన్న బట్టీలోంచి తీసిన నల్లటి గిన్నెలో టీ కలిపి అతిథుల చేతికిచ్చాడు. ఇంకొకటి, దైతోకుజి గుడిలో ఉన్న కిజాయెమొన్ గిన్నె. కొరియాది, ఇవాళ జపాన్ జాతీయ సంపద. 1931లో దాన్ని చూసిన యానగి సోయెత్సు అనే కళా విమర్శకుడు, ఇది పేదవాళ్ళు అన్నం తిన్న మామూలు గిన్నె అన్నాడు. మామూలుగా వాడుకున్న గిన్నె కాబట్టే టీ గురువుల కంట పడింది.

తమ్ముడు: ఆ అన్నం గిన్నె మాట అందరూ ఒప్పుకోరు. పూజకి చేసిందని అనేవాళ్ళూ ఉన్నారు. పైగా ఇప్పుడది ఎక్కడుంది? పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో పెట్టె. అలా ఉంది కాబట్టే యానగికి చూడ్డానికి మిగిలింది.

అక్క: దాన్ని కొన్నవాళ్ళకి కురుపులు లేచాయని కూడా కథ ఉంది. ఓ ప్రభువు దగ్గరుంటే, ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు గుడికి ఇచ్చేశారు.

తమ్ముడు: అక్కా, కురుపులు వాదన కాదు.

అక్క: కాదులే. హగినే తీసుకో. 1592 నుంచి 98 దాకా జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద చేసిన యుద్ధాల్లో పట్టుకొచ్చిన కుమ్మరుల్లో అన్నదమ్ములిద్దరు మోరి ప్రభువుకి దక్కారు. ఆయన హగికి మారాక, వాళ్ళు అక్కడ చక్రం తిప్పారు. అదిగో, అడుగున చూడు, పాదానికి గాటు ఉంది కదా. ప్రభువుకే చెందాల్సిన గిన్నెలకి కావాలని గాటు పెట్టి, లోపం ఉందని చెప్పి మామూలు జనానికి అందించేవాళ్ళట.

తమ్ముడు: అది కొట్లో చెప్పే కథ. గాటు పాదం కొరియాలో అంతకు ముందే ఉంది.

అక్క: అయితే కథ తీసెయ్యి. ఒక్క ప్రశ్న అడుగుతాను, చెప్పు. దీని అంచు పెదవికి ఎలా తగులుతుంది?

తమ్ముడు: అంటే?

అక్క: మందంగానా, పల్చగానా? ఏ వైపు నుంచి తాగితే సుఖంగా ఉంటుంది? వేడి టీ పోస్తే చేతికి ఎంతసేపటికి తెలుస్తుంది? అడుగున ఆఖరి గుక్క నిలిచే చిన్న గుంట ఉంటుంది చూడు, అది ఎంత లోతు? నాలుగేళ్ళలో ఒక్కసారైనా నోటికి ఆనించావా?

తమ్ముడు: ...లేదు.

అక్క: మూత మీద ఏం రాసుందో చూడకుండా చెప్పగలవు, అంచు సంగతి మాత్రం చెప్పలేవు. ఆ అంచుని వేళ్ళతో నొక్కి, తడి తోలుముక్కతో నునుపు చేశాడు కుమ్మరి. అది నోటికోసం చేసిన పని. దాన్ని నువ్వు చూడనే లేదు. నువ్వు పగలగొట్టిన జాడీ గుర్తుందా? పగిలింది ఇంట్లో ఉండకూడదని అమ్మ అడుగు ముక్క తీసుకెళ్ళి పెరట్లో పెట్టి, ఎండాకాలమంతా పిచ్చుకలకి నీళ్ళు పోసింది. దాని లోపలి గోధుమ రంగు, అంచు దగ్గర కారిన పూత చుక్క, నాకు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి.

తమ్ముడు: నాకు నువ్వు మొట్టిన మొట్టికాయ గుర్తుంది.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు హగి గిన్నె గుడ్డ ముడి విప్పాడు.)

తమ్ముడు: ఒక్క షరతు. ముందు ఆ ఉంగరాలు, గాజులు తియ్యి. టీ గిన్నె ముట్టుకునేముందు ఇక్కడ ఎవరైనా తీస్తారు, పూత గీసుకుపోతుందని. నువ్వేమో గలగలలాడిస్తూ ఇందాకట్నుంచీ పెట్టె చుట్టూ తిరుగుతున్నావు.

అక్క: తీశాను, చాలా? సింకులో వద్దు, టబ్బులో అడుగున తువ్వాలు వేసి గోరువెచ్చటి నీళ్ళు పొయ్యి. రెండు చేతులా దింపు.

తమ్ముడు: బుడగలొస్తున్నాయి! పగులుతోందా?

అక్క: పగలడం లేదు, మట్టిలో గాలి పోతోంది.

తమ్ముడు: ఎంతసేపు ఉంచాలి?

అక్క: బుడగలు ఆగనీ. ఈలోగా ఆ స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి, చూడు.

తమ్ముడు: దింపేస్తాను. నీకు ఇంకో అల్లం టీ వద్దుగా మరి?

అక్క: ఎందుకు వద్దు? పేపర్ కప్పులో పొయ్యి.