డాబా మీది ఆనపపాదు గారికి

పెదవాల్తేరు, విశాఖపట్నం
శ్రావణ మాసం, ఆదివారం మధ్యాహ్నం

మహారాజశ్రీ ఆనపపాదు గారి దివ్యసముఖమునకు, తమ డ్రమ్ము కింద కాపురముంటున్నవాడు నమస్కరించి వ్రాయునదేమనగా,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని రోజుకి మూడుసార్లు మెట్లెక్కి చూసుకుంటున్నాను కాబట్టి అడగక్కర్లేదు. నా క్షేమం తమరు ఏనాడూ అడగలేదు గనక నేనే చెబుతున్నాను: నడుం పట్టేసింది.

మన పరిచయం జూన్‌లో. రాత్రంతా గ్లాసులో నానబెట్టిన ఆరు గింజల్లో ఐదు కుళ్ళిపోగా మిగిలిన ఏకైక వారసులు తమరు. 1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ మా ఇంటి కూరగాయలు అక్కణ్ణించే. ఆ రోజు ఎంవీపీ కాలనీ రైతుబజారు బోర్డు మీద ఆనపకాయ ఇరవై రూపాయలని ఉంది. "కొనకు, డాబా మీద కాయిస్తా" అన్నాను మా ఆవిడతో. ఆవిడ ఏమీ అనకుండా రెండు కాయలు తీసి సంచీలో వేసుకుంది. ఇరవై ఆరేళ్ళ కాపురం మరి.

నీలం డ్రమ్మొకటి కొని సగానికి కోయించాను. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, వేపపిండి. బస్తాలు దింపుతూ ఆటో అబ్బాయి "ఏటి బాబూ, ఇల్లు కడతన్నారేటి?" అన్నాడు. అన్నీ కలిపి 4,350 రూపాయలు. రైతుబజారు లెక్కన 217 ఆనపకాయలు, పైన పది రూపాయలు చిల్లర. ఈ లెక్క మా ఆవిడ కట్టింది. నేను కట్టలేదు, నాకంత ధైర్యం లేదు.

పందిరికి గుంజలు కొనే పని తప్పింది, అది ఒప్పుకోవాలి. రెండో అంతస్తు ఎప్పటికైనా వేస్తామని వదిలేసిన ఇనపచువ్వలు ఉన్నాయిగా. ఈ ఊళ్ళో ఎవరి డాబా మీద లేవు గనక! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి బీచ్ రోడ్డు చెట్లని తిరగేసి పడుకోబెట్టినప్పుడు కూడా అవి వంగలేదు. తమరు ఎక్కాక ఒకటి పక్కకి ఒరిగింది. తీగకు కాయ బరువా అన్నవాడెవడో తీగ బరువు మోసిన చువ్వని అడిగి ఉండడు.

డ్రమ్ము అడుగున కన్నాలు పెట్టించానా, ఆ నీళ్ళు ఎటు పోతాయన్నది ఆలోచించలేదు. పడగ్గది సీలింగ్‌లోకి పోయాయి. సరిగ్గా నేను పడుకునే చోట, పైన సన్నంగా, కింద బొద్దుగా, ఓ పక్కకి కాస్త వంకర తిరిగి చెమ్మ మరక. ఈ ఇంట్లో కాసిన మొదటి ఆనపకాయ అదే.

ఇక ఏకవచనంలోకి దిగుతున్నాను. నీతో నాకింక మర్యాదలేమిటి?

నువ్వు పసుపు రంగుకి తిరిగావని, పేడా బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతమనే ఎరువు మొదలుపెట్టాను. 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి అని లెక్క. దాన్ని నా 20 లీటర్ల పెయింటు బకెట్‌కి కుదించాను. బెల్లం అనకాపల్లిది, ఇంట్లోదే. పేడ మాత్రం నాటు ఆవుదే కావాలట. తెల్లారి ఐదున్నరకి పోలమాంబ గుడి వైపు ఓ ఆవు వెనకాల క్యారీబ్యాగు పట్టుకుని నడుస్తుంటే, ఎదురుగా ట్రాక్ ప్యాంటులో నడకకి వచ్చిన పెద్దమనిషి ఆగాడు. పూర్వం ఆఫీసులో నాకు పైవాడు. నన్ను చూశాడు, ఆవుని చూశాడు, కవరు చూశాడు. "పెన్షన్ సరిపోతోందా?" అన్నాడు. పంచితం కోసం ఎంతసేపు నిలబడ్డానో, ఏ భంగిమలో నిలబడ్డానో ఈ ఉత్తరంలో రాయను.

పప్పుపిండి ఎక్కణ్ణించి తెచ్చానంటావా? ఆ సాయంత్రం వాన పడింది. మా ఆవిడ మిరపకాయలు చీల్చి, వాము నూరి, మూకుడు పొయ్యి మీద పెట్టి, శనగపిండి డబ్బా మూత తీసింది. లోపల చెంచా ఉంది. చెంచా మాత్రమే ఉంది.

మా అమ్మ భీమిలి నుంచి వచ్చి, మేడెక్కి, మూత తెరిచిన బకెట్‌ని ఓసారి వాసన చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అంది: "మీ తాత పెంట మీద గింజ ఇసిరేత్తే పాకెక్కి కాసీది నాయనా. దీనికేటి ఇన్ని సోకులు?" నువ్వు విన్నావు. ఆకు కూడా కదపలేదు.

పూత విషయానికి వద్దాం. నలభై రోజులకి తెల్లగా పూశావు. వీధంతా చెప్పుకున్నాను. అన్నీ మగపువ్వులేనని వారం తర్వాత తెలిసింది. పొడుగు కాడ మీద నిటారుగా నిలబడి ఊగుతుంటే అవి మగవట. పువ్వు కింద నూగు నూగుగా బొటనవేలంత పిందె ఉంటే ఆడదట. నీ పువ్వులు విచ్చేది సాయంత్రం పూట, నీ దగ్గరికి వచ్చేవి చిమ్మటలు. ఈ వీధి దీపాలకి చిమ్మటలు దీపాల చుట్టూ తిరుగుతాయి గాని నీ దగ్గరికెందుకొస్తాయి? ఆ డ్యూటీ కూడా నామీదే పడింది. మగపువ్వు తుంచి, రెక్కలు వెనక్కి ఒలిచి, మధ్యనున్న పుప్పొడి కాడని ఆడపువ్వు లోపల మెల్లిగా రాయాలి.

ఆరున్నరకి సెల్‌ఫోన్ టార్చి పళ్ళ మధ్య కరుచుకుని పందిరి కిందికి దూరాను. అద్దాలు కిందే మరిచిపోయాను. తుంచాను, రెక్కలు ఒలిచాను, ఎదురుగా ఉన్నదానికి భక్తిగా రాశాను. కింది నుంచి మా ఆవిడ "ఏమండీ, చీకట్లో ఏం చేస్తున్నారు?" అని కేకేసింది. "పెళ్ళి" అన్నాను, టార్చి నోట్లో ఉండగా ఎంతవరకు అనగలిగితే అంతవరకు. కిందికొచ్చి అద్దాలు పెట్టుకుని చేతిలోది చూసుకున్నాను. పువ్వు కింద నూగు నూగుగా బొటనవేలంత పిందె. నలభై ఏడు రోజులకి వచ్చిన మొదటి ఆడపువ్వుని నేనే తెంపి, తీసుకెళ్ళి మగపువ్వుకి రాశాను.

అప్పుడైనా ఊరుకోవాల్సింది. ఆడపువ్వులు ఎక్కువగా వచ్చేది పక్క కొమ్మల మీద, కాబట్టి పెద్ద తీగ కొస తుంచెయ్యాలని ఓ వీడియోలో చెప్పారు. తుంచాను. మాట నిజమే, పక్క కొమ్మలు వచ్చాయి. అయితే మా వైపు వాటర్ ట్యాంకు నీడ. ఎండంతా పిట్టగోడ అవతల మేష్టారి డాబా మీద. కొమ్మలన్నీ గోడ దూకేశాయి! వేళ్ళు నా మట్టిలో, నోరు నా బకెట్‌లో, కాపు వాళ్ళింట్లో. సొమ్మొకడిది, సోకొకడిది.

మేష్టారి డిష్ యాంటెన్నా చుట్టూ నాలుగు చుట్లు తిరిగావని తెలిసి క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. ఆయన నవ్వేశారు. "టీవీ రావట్లేదు బాబూ, ఫర్వాలేదు. కాయలొస్తున్నాయిగా" అన్నారు. అటు చిమ్మటలు కూడా వస్తున్నాయట. వాళ్ళ వీధి దీపం మాడిపోయి నెలయింది.

మొన్న శుక్రవారం మేష్టారి భార్య పిన్నిగారు మా ఇంటికొచ్చారు, చేతిలో కవరు. "మా డాబా మీద కాసింది, మందులూ గిందులూ కొట్టింది కాదు, తినండి" అని మా ఆవిడ చేతిలో పెట్టారు. పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ, వాటి మధ్య నువ్వు కన్న బిడ్డ. ఆవిడ వెళ్ళాక గోరు దించి చూశాను. వెన్నలో దిగినట్టు దిగింది. గోటి గాటులోంచి చిన్న నీటిబొట్టు ఊరి, కాయ మీదున్న నూగుని తడుపుకుంటూ కిందికి జారింది. ఆ నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో నాకు తెలుసు. రెండో మెట్టు దగ్గర నా మోకాలికి కూడా తెలుసు. మా ఆవిడ చిన్న ముక్క కోసి నాలిక మీద పెట్టుకుంది, చేదు కాయైతే వండకుండా పారెయ్యాలి కదా. "చేదు లేదు, తియ్యగా ఉంది" అంది. "వాళ్ళకి చెయ్యి మంచిదండీ" అని కూడా అంది.

నిన్న మధ్యాహ్నం నీకు నీళ్ళు పోస్తుంటే పిట్టగోడ అవతల నుంచి తాలింపు వాసన. పూర్ణా మార్కెట్‌ ఎండురొయ్యలు, ఆనపకాయ. శ్రావణమాసమని మా ఇంట్లో నీసు బంద్. మగ్గు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఈ ఉత్తరం నిజానికి ఖాళీ చెయ్యమని నోటీసు ఇద్దామని మొదలుపెట్టాను. కత్తెర పక్కనే పెట్టుకున్నాను. మొదటి పేరా రాస్తుండగా మేష్టారు గోడ మీంచి తల పెట్టి పిలిచారు. "బాబూ, మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడిపోతున్నాయి. నువ్వు ఒక్క పూటే పోస్తున్నట్టున్నావు, రెండు పూటలా పొయ్యాలి. ఇటు మూడు పిందెలున్నాయి. మా అమ్మాయి వచ్చే వారం హైదరాబాద్ నుంచి వస్తోంది. దానికి పాలు పోసి వండితే ప్రాణం."

సరేనండీ అన్నాను. ఇంకేమంటాను, ఆరో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మనిషి.

ఉంటాను. బకెట్ నిండింది, కుళాయి కట్టాలి.

ఇట్లు,
తమ నీళ్ళ మనిషి

తా.క.: కొత్త జీవామృతానికి రేపు ఉదయానికి 48 గంటలు నిండుతాయి. శనగపిండి ఎక్కడో దాచేసింది. ఈసారి మినప్పిండి వేశాను. ఆవిడకి చెప్పకు.