పదిహేను మాత్రలు

నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్. నెలాఖరు శని, ఆదివారాలు కొండ ఊళ్ళలో మెడికల్ క్యాంపట. మనిషికి మూడున్నర వేలు. భోజనం, టీ షర్టు, రాత్రికి క్యాంప్‌ఫైర్ అన్నీ అందులోనే. మధ్యలో ఈ క్యాంప్‌ఫైర్ ఏంటో! పది నిమిషాల్లో నలభై మంది పేర్లిచ్చారు. నేను రానన్నాను. "మంచి పనికి కూడా రారా సార్?" అన్నాడొకాయన. అక్కడ రాస్తే గొడవవుతుంది, అందుకే ఇక్కడ.

పోయినేడాది నేనూ వెళ్ళాను. బెంగళూరు మారతహళ్ళిలో తెల్లారకముందే బస్సెక్కి, మలె మహదేశ్వర బెట్ట అనే కొండ వైపు అడవిలో సోలిగలనే గిరిజనుల పోడుకి. (మనకి పోడంటే సాగు, వాళ్ళకి పోడంటే గూడెం.) ముగ్గురు డాక్టర్లు, మిగతా అందరం సాఫ్ట్‌వేర్ బాపతు. నాకు బీపీ చూసే డ్యూటీ. చేతికి పట్టీ ఎలా చుట్టాలో బస్సులోనే నేర్పారు.

ఒక పెద్దావిడకి 190 బై 110 వచ్చింది. మిషన్ తప్పేమోనని మళ్ళీ చూశాను, అదే వచ్చింది. డాక్టరుగారు అమ్లోడిపిన్ రాశారు. మందుల బల్ల దగ్గర పదిహేను మాత్రలు చేతిలో పెట్టారు. ఆవిడ ఏదో అడిగింది. నా కన్నడం ఆటో బేరానికే సరిపోదు, ఇక సోలిగ నుడి ఏం అర్థమవుతుంది? పక్కనున్న కుర్రాడు చెప్పాడు, "ఇవి అయిపోతే మళ్ళీ ఎప్పుడొస్తారని అడుగుతోంది."

నవ్వి ఊరుకున్నాను. బీపీ మాత్ర మొదలుపెడితే మా నాన్నలాగా రోజూ వేసుకోవాల్సిందేనని నాకు తెలుసు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పేర్లు, రీడింగులు రాసిన కాగితాల కట్ట తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో పులిహోర పొట్లాల కింద కనబడింది. అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఫోటోలు మాత్రం ఊరు చేరకముందే అందరి స్టేటస్‌లలోకి ఎక్కాయి.

మా పిన్ని పాడేరు ఏజెన్సీలో ఏఎన్ఎమ్‌గా, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరయింది. ఈ సంగతి చెబితే, "ఏట్రా, మీరు రంగురంగుల మాత్రలిచ్చి చక్కా పోతారు. ఆ తర్వాత నా ఐరన్ మాత్ర ఎవరు మింగుతారు?" అంది. గర్భిణి చేత 180 రోజులు ఐరన్ మాత్రలు మింగించాలి. కడుపులో తిప్పుతోందని వారానికే మానేస్తారు. మాత్ర ఇవ్వడం ఎంతసేపు? మానేసిన పిల్ల ఇంటికి మళ్ళీ కొండెక్కి వెళ్ళడమే అసలు పని. మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య సబ్‌సెంటర్ అయితే కొండల్లో 3,000 మందికి ఒకటి అని లెక్క. ఆ మూడు వేల మందీ ఒకచోట ఉంటేగా! "డోలీలో మోసుకొచ్చే పిల్లకి నొప్పులు మీ శని, ఆదివారాలు చూసుకుని వస్తాయేట్రా?" అని కూడా అంది.

కళ్ళ క్యాంపుల్ని నేనేమీ అనను. శుక్లం తీస్తే చూపొస్తుంది. అదైనా మర్నాడు కట్టు విప్పి చూసే మనిషి ఉండాలి.

ఇదే బెంగళూరులో డాక్టరీ చదివిన సుదర్శన్ గారు సోలిగలుండే బిళిగిరి రంగన బెట్ట కొండలకి వెళ్ళి, 1981లో అక్కడే గిరిజన కల్యాణ కేంద్రం పెట్టారు. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో రెజి, లలిత అనే డాక్టర్ దంపతులు 1993లో గుడిసెలో వైద్యం మొదలుపెట్టి, అక్కడి ఆడవాళ్ళకే ఆ పని నేర్పారు. అందరం అలా వెళ్ళిపోగలమా అంటారు. వెళ్ళలేం, నా ఈఎంఐలు నాకున్నాయి.

కానీ నలభై మందికి మూడున్నర వేల చొప్పున లక్షా నలభై వేలు. ఆ కొండ మీదే పుట్టిన ఒకమ్మాయికి నెలకి పదకొండు వేలిచ్చి, ఇంటింటికీ వెళ్ళి బీపీ చూసి, మందులు అయిపోయినవాళ్ళని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళమంటే ఏడాది గడుస్తుంది. ఈ లెక్కొక్కటే ఇందాక గ్రూపులో పెట్టాను.

"సూపర్ ఐడియా సార్, వచ్చే ఏడాది చూద్దాం. టీ షర్టు సైజు చెప్పండి" అని జవాబొచ్చింది.